నడుముకు కట్టిన గింజలు

ఫిబ్రవరి చివరివారం వచ్చిందంటే మా ఇంట్లో ఎవరినీ నా దగ్గరకు రానివ్వను. తడిగుడ్డలో మడిచిన మిరపగింజలు నా చొక్కా కింద, బొడ్డుకు కాస్త పైన, నడికట్టుతో కట్టి ఉంటాయి. నాలుగు రోజులు, ఒక్కోసారి ఐదు. ఆ రోజుల్లో వంగి నేల ఊడవను, బోర్లా పడుకోను, మనవరాళ్లు ఒళ్లోకి దూకబోతే కసురుతాను. కిటికీ కింద వేడినీళ్ల గొట్టం ఉంది కదా నానమ్మా, దానిమీద పెట్టుకోవచ్చు కదా అంటారు వాళ్లు. పెట్టుకోవచ్చు. కానీ గింజకు చలేస్తే గొట్టానికి తెలియదు, వేడెక్కువైనా తెలియదు. నా పొట్టకు తెలుస్తుంది. ఇది నేను కనిపెట్టింది కాదు, మా అత్త జుహార్ పద్ధతి. ఆవిడ నేర్పింది అనలేను. ఆవిడ నాకు నోటితో ఏదీ నేర్పలేదు, నేనే చూసి దొంగిలించాను. ఆ దొంగతనానికి మా ఇద్దరికీ ఏం పోయిందో, అది మళ్లీ ఎలా వచ్చిందో చెబుతాను.

నేను ఈ ఊరికి కోడలిగా వచ్చింది డెబ్బై నాలుగు జనవరిలో. నా పుట్టిల్లు ఇర్దిక్, సరస్సుకు అవతల, మంచుకొండల కింద. అక్కడివాళ్లమూ దుంగాన్లమే, తాతల కాలంలో మంచు కనుమలు దాటి వలసొచ్చిన ముసల్మానులమే, కానీ మా తాతలు గాన్సు నుంచి వచ్చారు, ఈ ఊరివాళ్ల తాతలు షెన్సీ నుంచి వచ్చారు. నమాజు ఒకటే, తినే సేమ్యాలు ఒకటే, అయినా నేను నోరు తెరిస్తే చాలు ఇక్కడి ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని ముసిముసిగా నవ్వేవారు. నా యాస వాళ్లకు వినోదం. అందుకని మొదటి నెలంతా నేను తలూపడంతోనే బతికాను.

మా అమ్మ నా పెళ్లికి నాలుగు నెలల ముందు, సెప్టెంబర్ పదిహేడున పోయింది. మాట ఖాయం కావడం చూసింది, పెళ్లి చూడలేదు. వంటింటి అటక మీద పాత పత్రిక ముక్కలో పొట్లం కట్టి ఆవిడ దాచిన మిరపగింజలు దొరికాయి, నలభై ఒకటి. వాటిని నా దూదికోటు అంచు విప్పి లోపల పెట్టి మళ్లీ కుట్టుకున్నాను. పెళ్లికి నాన్న చాలా ఇచ్చాడు, దుప్పట్లు, గిన్నెలు, కుట్టుమిషను. అవన్నీ బండిలో వెనక వచ్చాయి. గింజలు మాత్రం నా ఒంటిమీద వచ్చాయి.

అమ్మ మిరప పొట్టిది. బొటనవేలంత ఉండేది, కండ ఎక్కువ, కాయ నేలకు వేలాడకుండా ఆకాశంవైపు నిలబడేది. ఇర్దిక్ చలికి మిరప సరిగ్గా ఎండదు, అందుకని అమ్మ వాటిని ఉప్పూ వెనిగరూ పోసి జాడీల్లో ఊరేసేది. దాని కారం ఆలస్యంగా వచ్చేది. నమిలి, మింగి, ఇందులో ఏముందిలే అనుకునేలోపు గొంతు వెనక నుంచి ఎక్కేది. కొత్తవాళ్లు ఇంటికొస్తే వాళ్ల మొహం ఎప్పుడు మారుతుందా అని మేం పిల్లలం గుమ్మం దగ్గర కాచుకుని కూర్చునేవాళ్లం.

మా అత్తకు అప్పుడు యాభై తొమ్మిదేళ్లు. పొడుగు మనిషి, ఎముకల గూడు, తలకు ఎప్పుడూ ఇస్త్రీ చేసిన తెల్లగుడ్డ. కల్ఖోజులో, అంటే ఊరి సర్కారీ ఉమ్మడి సాగులో, ఉల్లిపొలం పని ముప్పై ఏళ్లు చేసి అప్పుడే పింఛను పుచ్చుకుంది. ఇంటికి దక్షిణపు గోడ కింద ఆవిడ మిరప మడి ఉండేది. ఆ కాయ జానెడు పొడుగు, కొసన మేక కొమ్ములా వంపు, తోలు ఉల్లిపొరంత పలచన. అక్టోబర్‌లో దండలు గుచ్చి చూరుకు కడితే పది రోజుల్లో ఎండి గాలికి గలగలమనేవి. శుక్రవారం శుక్రవారం ఆవిడ వాటిని వెల్లుల్లితో కలిపి రోట్లో దంచి, పొగలొచ్చే నూనె పోసి లాజా చేసేది. ఆ నూనె చుయ్యిమన్నప్పుడు వీధివీధంతా తుమ్మేది. ఎవరు గిన్నె పట్టుకుని వచ్చినా లాజా ఇచ్చేది, కొసరి కొసరి ఇచ్చేది. కాయ మాత్రం ఇవ్వదు.

"పొడి అడుగు, ఇస్తా. నూరింది అడుగు, ఇస్తా. కాయ అడక్కు" అనేది.

కాయ ఇస్తే గింజ పోతుంది. గింజ మా గడప దాటకూడదు, అదీ ఆవిడ పట్టుదల. ఆవిడ నాయనమ్మ ఆరేళ్ల పిల్లగా మంచు కనుమ దాటి ఈవలికి వచ్చిందట. దారిలో తిండిలేక పెద్దవాళ్లు తోలు బెల్టులు ఉడకబెట్టుకుని తిన్నారట, కానీ ఆ పిల్ల టోపీ లోపల కుట్టిన గింజల జోలికి పోలేదట. ఏటా నడుముకు గింజలు కట్టుకునేటప్పుడు మా అత్త ఈ కథ ఒక్కసారి చెప్పేది. మిగతా ఏడాదంతా ఆ ఊసెత్తేది కాదు.

నేను వచ్చిన ఏడాది ఫిబ్రవరిలో మొదటిసారి అదంతా చూశాను. ఆవిడ ఠీవిగా, నిటారుగా, పొట్ట మీద చెయ్యి వేసుకుని ఇంట్లో తిరుగుతోంది. పక్కింటి హదిచే కంచె మీద మోచేతులు ఆనించి చూస్తోంది. హదిచేకు కంచె అవతల ఆరు తేనెపెట్టెలు ఉండేవి, తేనెటీగల కంటే ఆవిడ నోటికే పని ఎక్కువ.

"ఏం జుహారక్కా, ఎన్నో నెలేంటి?"

"మూడో రోజు" అంది మా అత్త, ఎటూ చూడకుండా.

ఆ సాయంత్రమే ధైర్యం చేసి, మా పుట్టింట్లో కూడా మిరప వేస్తామని, వేరే రకమని మెల్లగా అన్నాను. గింజలు తెచ్చానని చెప్పలేదు. మా అత్త సేమ్యాల పిండి సాగదీస్తూనే జవాబిచ్చింది.

"ఈ దొడ్లో మిరప ఒక్కటే పిల్లా. రెండోది మొలవదు."

ఎందుకని అడగలేదు. అడిగి ఉంటే ఈ కథే లేదు. అదంతా గాన్సు కోడలంటే షెన్సీ అత్తకు ఉండే చిన్నచూపు అనుకున్నాను, లోపల కుతకుత ఉడికిపోయాను. మర్నాడు కోటు అంచు విప్పి, నలభై ఒక్క గింజలనూ తడిగుడ్డలో చుట్టి, నేనూ నడుముకు కట్టుకున్నాను. ఒక్కటి కూడా వెనక్కి దాచుకోలేదు. ఇరవై ఏళ్ల పిల్లకు అంతకంటే బుద్ధి ఎక్కడేడుస్తుంది.

ఆవిడ బాహాటంగా మోసింది, నేను దొంగచాటుగా మోశాను. నీళ్ల బకెట్టు ఎత్తడానికి తటపటాయించాను, మెల్లగా కూర్చున్నాను, మెల్లగా లేచాను, తెలియకుండానే చెయ్యి పొట్ట మీదికి పోయేది. రెండో రోజు మా అత్త నావైపు ఒక చూపు చూసింది. మూడో రోజు నా చేతిలో బకెట్టు లాక్కుంది. నాలుగో రోజు పొద్దున నా కంచంలో రెండు ఉడకబెట్టిన గుడ్లు ఉన్నాయి.

"తిను. అడగకు" అంది.

అప్పటికీ నాకు వెలగలేదు. హదిచే కంచె మీద నుంచి నన్ను చూసి "పెళ్లై నెల తిరక్కుండానే, అమ్మో" అని బుగ్గ నొక్కుకుంటే అప్పుడు తెలిసింది. కాదని చెప్పాలంటే గింజల సంగతి చెప్పాలి, చెప్పకపోతే ఆ గుడ్లు తినాలి. గుడ్లు తిన్నాను. ఏప్రిల్‌లో ఒకరోజు దండెం మీద నేను ఆరేసిన నెలసరి గుడ్డలు చూసి, కడుపు నిలవలేదని ఆవిడ అర్థం చేసుకుంది. మడి దగ్గరకు వెళ్లి చాలాసేపు ఊరికే నిలబడింది. గుడ్లు మాత్రం మానలేదు, మర్నాడూ రెండు పెట్టింది. నన్ను తిట్టి ఉంటే ఆవిడను ద్వేషించడం ఎంతో తేలికగా ఉండేది.

నా గింజలు పదకొండు మొలిచాయి. మా ఆయన యూసుర్ కల్ఖోజు లారీ తోలేవాడు. గ్యారేజీ కిటికీలో టీ డబ్బాలు పెట్టి వాటిని సాకాడు. వాళ్లమ్మకు అబద్ధం చెప్పడం చేతకాదు ఆయనకు, అందుకని ఆ రెండు నెలలు ఆవిడ ఎదురుపడితే చాలు దగ్గేవాడు. పదకొండులో ఐదు బతికాయి. మే నెల మధ్యలో, మంచుభయం పోయాక, వాటిని పశువులపాక వెనక, పొద్దుతిరుగుడు మొక్కల మధ్య నాటాను. దక్షిణపు మడికీ అక్కడికీ నలభై అడుగులు. నలభై అడుగులు చాలా దూరం అనుకున్నాను. హదిచే తేనెపెట్టెలు ఆ కంచె పక్కనే ఉన్నాయన్న సంగతి నా బుర్రకు తట్టలేదు.

ఆగస్టులో కాశాయి. ఆకాశంవైపు, అచ్చం అమ్మ దొడ్లోలాగే. పాలు పితికాక పాక వెనక్కి పోయి రొట్టె ముక్కలో ఒక కాయ పెట్టుకుని తినేదాన్ని. కళ్లమ్మట నీళ్లు కారేవి. కారానికా, అమ్మకా అని ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేని చోటు అదొక్కటే. మంచి కాయలను విత్తనానికని మొక్కకే పండనిచ్చాను. ఇంకో పది రోజులు ఆగితే కోసేదాన్ని.

సెప్టెంబర్ మొదట్లో ఒక మధ్యాహ్నం వంటింట్లో ఉన్నాను. కంచె దగ్గర హదిచే గొంతు.

"జుహారక్కా, పాక వెనక అదేం మిరప? నిక్కి నిక్కి చూస్తోంది. నీది కాదే."

"ఎక్కడ?"

"రా, చూపిస్తా. చుట్టూ తిరిగి రావాలి, ఇటు గేటు వేసుంది."

వాళ్లు చుట్టూ తిరిగి వచ్చేలోపు నేను పెరటి గుమ్మంలోంచి పరుగెత్తాను. ఐదు మొక్కలూ వేళ్లతో సహా పీకి, తెచ్చి, మండుతున్న పొయ్యిలో కుక్కేశాను, కాయలతో సహా. ఒక్క కాయ జేబులో వేసుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు. రెండు నిమిషాలకు ఇంట్లో ఊపిరాడలేదు. దగ్గుకుంటూ బయటికి వస్తే మా అత్త, హదిచే, పెరట్లో కోళ్లు, అందరూ దగ్గుతున్నారు.

"ఏం కాలింది?" అంది మా అత్త, తలగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుని.

"దండ... పాత దండ ఒకటి పొయ్యిలో పడిందత్తయ్యా."

ఆవిడ నన్నూ, నా చేతులకున్న మట్టినీ చూసింది. "కళ్లు కడుక్కో. పాలతో కడుక్కో, నీళ్లు పనిచెయ్యవు" అని లోపలికి పోయింది.

ఆ ఏడాది ఆవిడ కాయలు ఎప్పటిలాగే ఉన్నాయి. ఎండాయి, గలగలమన్నాయి. వాటి గింజలు ఎప్పటిలాగే సంచిలో పోసింది, నేను ఊపిరి పీల్చుకున్నాను. హదిచే తేనెటీగలు మా అమ్మ మిరప పుప్పొడిని ఆవిడ పూలకు మోశాయని, తప్పు ఆ గింజల లోపల కూర్చుని ఉందని నాకేం తెలుసు. మరుసటేడు వేసిన మొక్కల్లో కొన్ని కాయలు వేలాడక పక్కకు చూశాయి. ఈ ఏడు నీళ్లెక్కువయ్యాయేమో అంది మా అత్త. అక్టోబర్‌లో దండలు కట్టింది. నవంబర్‌లో వాటికి బూజు పట్టింది. లోపల కండ ఎక్కువై ఎండనేలేదు, ముట్టుకుంటే మెత్తగా చేతికి అంటుకున్నాయి. చూరుకు కట్టిన పన్నెండు దండల్లో ఏడు అలాగే పోయాయి.

ఆ రోజు ఆవిడ కింద పొయ్యి సెగ పారే వెచ్చని తిన్నె మీద కూర్చుని, పళ్లెంలో కాయలు నిలువునా చీల్చి పరిచింది.

"అమ్మాయ్, ఇలా రా. కూర్చో."

కూర్చున్నాను.

"ఇది నా కాయ కాదు. సగం నాది, సగం ఎవరిదో. పోయినేడు పొయ్యిలో కాలింది నా దండ కాదని నాకు తెలుసు, ఆ రోజే దండలు చూసుకున్నా. ఏం కాల్చావ్?"

"మా అమ్మవి" అన్నాను.

"ఎక్కడ మొలకెత్తించావ్?"

చెయ్యి పొట్ట మీద వేసుకుని చూపించాను. ఆవిడ ఆ చేతిని చూసింది.

"అయితే అప్పుడు నువ్వు మోసింది అదా" అంది.

ఒక చెంపదెబ్బ కొడితే బాగుండుననిపించింది. పక్క ఊళ్లో ఉన్న మా పెద్దాడబిడ్డకు వినపడేలా ఏడిచాను. ఆవిడ ఆపమనలేదు, ఓదార్చలేదు. నా ఏడుపు అయ్యాక అడిగింది.

"ఎన్ని గింజలు తెచ్చుకున్నావ్?"

"నలభై ఒకటి."

"ఇప్పుడెన్నున్నాయ్?"

"ఒక్కటి కూడా లేదు."

పళ్లెం మీద గుడ్డ కప్పింది. "నాకూ అంతే" అంది.

నిజమే. మంచి గింజా మారిన గింజా అన్నీ ఒకే సంచిలో కలిసిపోయాయి, చూస్తే తేడా తెలియదు. పాత గింజ మొండికేస్తుందని ఆవిడ ఏటా మిగిలినవన్నీ దంచేసేది, దాచిన పాతవి లేవు. ఊళ్లో ఇంకెవరి దగ్గరైనా తెచ్చుకుందామంటే, ఎవరికైనా ఇస్తేగా. హదిచే ఊరుకుంటుందా.

"ఇన్నేళ్లలో నాకు ఒక్క గింజ ఇచ్చుంటే ఇవాళ నా దొడ్లోంచి బుట్టెడు కోసిచ్చేదాన్ని కదక్కా" అంది, తియ్యగా.

మా అత్త ఆ మాట దిగమింగింది. నా కారణంగా దిగమింగింది. ఆ చలికాలమంతా నేను ఆవిడ కళ్లలోకి చూడలేదు. అప్పటికే నాకు నెల తప్పింది, ఈసారి నిజంగానే. చెప్పడానికి సిగ్గుగా, భయంగా ఉండి రెండు నెలలు దాచాను. జనవరిలో నేను బకెట్టు దగ్గర ఆగడం చూసి ఆవిడ దగ్గరకొచ్చింది.

"ఈసారీ మిరపేనా?" అంది.

కాదన్నట్టు తలూపాను. ఆవిడ పెదవులు ఒక పక్కకు వంకర పోయాయి. రెండు నెలల తర్వాత ఆవిడ మొహంలో నవ్వులాంటిది చూడడం అదే మొదలు. పుట్టింది ఆడపిల్ల, ఆమినార్.

ఆ వసంతం నుంచి మా అత్త చిక్కుముడి విప్పే పనిలో పడింది. బూజు పట్టకుండా మిగిలిన దండల గింజలన్నీ వేసింది. ఒక్కో మొక్కకూ ఒక్కో రంగు దారం కట్టింది. పూత రాకముందే మొగ్గలకు పాత పట్టుమేజోళ్ల ముక్కలు సంచుల్లా తొడిగి కట్టింది, తేనెటీగ దూరకుండా. యూసుర్ ఊరూరా తిరిగి చిరిగిన మేజోళ్లు అడుక్కొచ్చేవాడు. లారీ డ్రైవర్ ఆడవాళ్ల మేజోళ్లు అడగడమంటే ఎంత గొప్ప పేరొస్తుందో చెప్పక్కర్లేదు.

"మిరపమొక్కలకు మేజోళ్లు తొడిగావు, ఇక జోళ్లు ఎప్పుడు కొంటావక్కా?" అనేది హదిచే.

"నీ ఈగల్ని కట్టేసుకో, విప్పేస్తా" అనేది మా అత్త.

శరదృతువులో ఒక్కో మొక్క దగ్గరా కూర్చుని ఒక్కో కాయ కొరికేది. కొరికి, కళ్లు మూసుకుని, పెరుగు పుక్కిలించి ఉమ్మి, రెండోదానికి జరిగేది. సాయంత్రానికి పెదవులు వాచిపోయేవి. సరైన మొక్క గింజ ఒక పొట్లంలోకి, మిగిలినవి పక్కకి. అలా ఏడాది తర్వాత ఏడాది.

ఆ ఏళ్లలో ఆవిడ నన్ను అడిగిన ప్రశ్నలు నాకు నరకం. వెల్లుల్లి ఒలుస్తుంటే, దుప్పటి కుడుతుంటే, పిల్లకు పాలిస్తుంటే, ఎక్కడినుంచో ఊడిపడేవి.

"మీ అమ్మ కాయకు ముచ్చిక ఎలా ఉండేది? టోపీలా కిందికి మూసేదా, పళ్లెంలా పైన ఆనేదా?"

"టోపీలా."

"పచ్చికాయ నలిపితే ఏం వాసన?"

"గుర్తులేదత్తయ్యా."

"గుర్తు తెచ్చుకో."

"కారం నాలుక మీదా, గొంతులోనా?" "ఆకు నున్ననా, నూగుందా?" "పండేముందు నల్లబడేదా, పసుపెక్కేదా?" మా అమ్మ ఏదో హత్య చేసి పారిపోతే పోలీసులు ఆనవాళ్లు అడుగుతున్నట్టుండేది నాకు. ఆవిడ తన మిరపలోంచి మా అమ్మను ఆనవాలు లేకుండా ఏరిపారేయాలని చూస్తోంది, దానికి నా చేతే గుర్తులు చెప్పిస్తోంది. నేను చేసిన తప్పుకు శిక్ష ఇదేననుకుని చెప్పేదాన్ని. ఒకసారి మాత్రం ఓర్చుకోలేకపోయాను.

"పోయిన మనిషిని ఇంకెన్నాళ్లు తవ్వుతారత్తయ్యా? తప్పు చేశాను, ఒప్పుకున్నాను. మా అమ్మను వదిలెయ్యండి."

ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తోంది. తలెత్తలేదు.

"గుర్తులు తెలీకుండా ఎలా ఏరను?" అంది, అంతే.

ఎనభైలో, ఐదో పంట నాటికి, ఆవిడ కాయ ఆవిడకు తిరిగొచ్చింది. జానెడు పొడుగు, మేక కొమ్ము వంపు. దండ తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపింది, నా చెవి దగ్గరా ఊపింది. గలగల. తర్వాత ఆవిడ చేసిన పని చూసి నా కళ్లను నేనే నమ్మలేదు. చెంచాడు గింజలు కాగితంలో పొట్లం కట్టి, కంచె దగ్గరకు వెళ్లి హదిచే చేతిలో పెట్టింది. నోరున్న హదిచే మొదటిసారి నోరు మూసుకుని నిలబడింది.

"ఇంకోసారి పోతే నీ దగ్గరికొస్తా. అప్పుడు ఎత్తిపొడిచావో, చూడు" అంది మా అత్త.

ఆ చలికాలం ఊళ్లో పదకొండు ఇళ్లకు పొట్లాలు వెళ్లాయి. పని అయిపోయింది అనుకున్నాను. కానీ వసంతంలో ఆవిడ పాక వెనక ఇంకో మడి చేసింది, దానికీ మేజోళ్ల సంచులు కట్టింది. అదేంటంటే, పనికిరానివి, పులుసులోకి, అంది. ఆ మడి వైపు నేను పోయేదాన్ని కాదు. నేను మొక్కలు పీకిన చోటు అది.

ఎనభై మూడు సెప్టెంబర్ పదిహేడున అమ్మ పోయి పదేళ్లు. ఏటా ఆ రోజు నేను నూనెరొట్టెలు వేస్తాను. ఆ నూనె వాసన పోయినవాళ్లకు అందుతుందని మా పెద్దవాళ్లు చెబుతారు. ముల్లాగారు వచ్చి చదివి వెళ్తారు, రొట్టెలు ఇరుగుపొరుగుకు పంచుతాం. ఆ పొద్దున మూకుడు ముందు కూర్చుని ఉన్నాను. మా అత్త పెరటి గుమ్మంలోంచి వచ్చింది. చేతిలో చిన్న గిన్నె. దానిలో తొమ్మిది ఎర్రకాయలు, బొటనవేలంత, కండగలవి, ముచ్చిక టోపీలా కిందికి మూసి ఉంది.

నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"తిను" అంది.

కొరికాను, నమిలాను. ఏమీ లేదు. మింగాను. ఆమినార్ గుమ్మం దగ్గర నిలబడి నన్నే చూస్తోంది. ఏమీ లేదనుకున్నాను. అప్పుడు గొంతు వెనక నుంచి వచ్చింది. పదేళ్ల తర్వాత, మా ఇర్దిక్ వంటిల్లు, జాడీల మూతలు తీసే చప్పుడు, మా అమ్మ చేతుల వెనిగర్ వాసన, అన్నీ ఆ గొంతులోంచే ఎక్కాయి.

తన గింజ కోసం ఆవిడ నన్ను ప్రశ్నలు అడిగింది ఐదేళ్లు. ఎనిమిదేళ్లూ మా అమ్మ కోసం కూడా అడిగింది. నేను కాల్చేసినదాన్ని ఆవిడ తన మిరపలోంచి వెతికి తీసింది.

"అదేనా?" అంది.

"అదే."

"అంత తొందరేం. ఇంకోటి తిని చెప్పు."

రెండోది తిన్నాను. కళ్లు తుడుచుకుని కాయను తిప్పి తిప్పి చూశాను. ఆవిడ మొహం చూస్తే అబద్ధం చెప్పాలనిపించింది. ఆవిడకు అరవై ఎనిమిది, పెదవులు ఇంకా వాచి ఉన్నాయి. కానీ ఈ మనిషికి ఒకసారి అబద్ధం చెప్పి గుడ్లు తిన్నాను, ఇక చాలనుకున్నాను.

"కారం అదే అత్తయ్యా. ముచ్చికా అదే. మా అమ్మ కాయకు మొన దగ్గర చిన్న నొక్కు ఉండేది, గోరుతో గిచ్చినట్టు. దీనికి లేదు."

"నొక్కు సంగతి నువ్వెప్పుడూ చెప్పలేదే."

"ఇప్పుడే గుర్తొచ్చింది."

ఆవిడ గిన్నె తీసుకుని ఒక్కో కాయ మొన వెలుతురులో పెట్టి చూసింది. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"సరే" అంది. "ఇంకో రెండేళ్లు పడుతుంది. రొట్టె మాడుతోంది, చూసుకో."

మరో రెండు పంటలు అయ్యాయి, నొక్కు రాలేదు. ఎనభై ఆరు ఫిబ్రవరిలో ఎప్పటిలాగే ఆవిడ రెండు మూటలు నడుముకు కట్టుకుంది, తనది కుడివైపు, మా అమ్మది ఎడమవైపు. నాలుగు రోజులైనా మొలక రాలేదు, ఐదోరోజూ రాలేదు. ఆరోరోజు పొద్దున నన్ను తిన్నె దగ్గరకు పిలిచింది. అప్పటికే బాగా చిక్కిపోయింది, ఎంత కప్పినా వణుకుతూ ఉండేది.

"నా ఒళ్లు చల్లబడిపోయింది పిల్లా. వీటికి చాలట్లేదు. చొక్కా ఎత్తు."

ఎత్తాను. చల్లటి వేళ్లతో రెండు మూటలూ తనే నా పొట్టకు కట్టింది. తడిగుడ్డ తగలగానే నేను ఉలిక్కిపడితే కసిరింది.

"అంత బిగించకూడదు, ఊపిరాడాలి. ఇదిగో, ఇంత సందు. వేలు పట్టాలి. ఎడమదానికి వేడి కాస్త ఎక్కువ కావాలి, చలిదేశపు గింజ, పడుకునేటప్పుడు ఆ పక్కకు తిరుగు. అప్పుడు నువ్వు కట్టుకున్నావే, ముడి వెనక్కి వేశావు. ముందుకెయ్యాలి. అందుకే నీకు పదకొండే మొలిచాయి."

ముడి ఎటు వేశానో ఆవిడకెలా తెలుసని నేను అడగలేదు. మూడు రోజులకు రెండు మూటలూ మొలిచాయి.

ఆవిడ జూన్‌లో పోయింది, నారు నాటిన నెలకు. సెప్టెంబర్‌లో పాక వెనక మడిలో మూడో మొక్కకు కాసిన కాయల మొన దగ్గర నొక్కు పడింది, గోరుతో గిచ్చినట్టు. పదిహేడో తారీఖున నూనెరొట్టెలు ఇద్దరి పేరా వేశాను.